పొద్దున నడిచే పిల్ల

అది 2022 వేసవి. హనుమకొండ సుబేదారిలో ఒక మెడికల్ షాపు పక్క సందులో నా ఫిజియోథెరపీ క్లినిక్. రెండు గదులు, ముందు వరండా, వరండా ఎక్కడానికి మూడు మెట్లు. పొద్దుటి నుంచి మూడు దాకా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం, నాలుగు నుంచి ఎనిమిది దాకా సొంత క్లినిక్. అప్పటికి పదిహేడేళ్లుగా ఇదే నా రోజు. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లు, మోకాళ్లు మార్పించుకున్నవాళ్లు, భుజం పట్టేసినవాళ్లు, నడక సరిగా రాని పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. పదిహేడేళ్లలో చేతులకు ఒక నమ్మకం వస్తుంది. కాలు పట్టుకోగానే ఇది ఫలానా అని వేళ్లు చెప్పేస్తాయి. ఆ నమ్మకం ఎంత ప్రమాదమో నాకు నేర్పింది అఖిల.

అఖిలకు అప్పుడు తొమ్మిదేళ్లు. కొత్తవాడ పిల్ల. తండ్రి రాజేందర్ పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు చూసుకునేవాడు. తల్లి లావణ్య ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఐదో ఏట నా దగ్గరికి వచ్చినప్పుడే ఫైలు మీద సెరిబ్రల్ పాల్సీ అని రాసి ఉంది. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో బిడ్డ మెదడుకు తగిలే దెబ్బ అది. తగిలిన దెబ్బ పెరగదు, పోదు. కండరాలు బిగుసుకుపోకుండా చూడటం, ఉన్న కదలికను కాపాడటం, అంతవరకే మా పని.

వారానికి రెండు రోజులు, సాయంత్రం ఐదుకు వచ్చేవాళ్లు. తల్లి చంకలో ఎత్తుకుని మెట్లు ఎక్కించేది. పాదాలు లోపలికి తిరిగి, మడమలు పైకి లేచి, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేవి. నేను పాదం పట్టుకుని పైకి వంచితే పిక్క కండరం రాయిలా అడ్డుపడేది. సాగదీసేదాన్ని, నిలబెట్టేదాన్ని, రెండు కడ్డీల మధ్య నడిపించేదాన్ని. కాళ్లకు ప్లాస్టిక్ స్ప్లింట్లు చేయించాను. పిల్ల ఏడ్చేది కాదు. పెదవి కొరుక్కుని పైన తిరిగే ఫ్యాన్‌ను చూస్తూ ఉండేది.

నాలుగేళ్లు చేశాం. పిక్కల బిగువు తగ్గలేదు సరికదా, ఏటా కొంచెం పెరిగింది. చివరికి మడమ నరం వదులు చేసే ఆపరేషన్ ఒక్కటే దారి అన్నాను. మడమ నరమని వాడుకలో అంటాంగానీ అది నరం కాదు, పిక్కను మడమ ఎముకకు కట్టి ఉంచే స్నాయువు. దాన్ని కొంత కోసి పొడుగు చేస్తారు. ఎముకల డాక్టరుకు ఉత్తరం నేనే రాశాను. జూన్ మొదటి వారానికి ఆపరేషన్ ఖాయమైంది.

ఆ నాలుగేళ్లలో లావణ్య ఒక మాట చాలాసార్లు చెప్పింది.

"పొద్దుగాల మంచిగనే ఉంటది మేడమ్. మాపటికే గిట్లయితది."

"రోజంతా ఆడి అలిసిపోతుంది కదమ్మా. ఈ పిల్లలందరూ అంతే," అనేదాన్ని.

ఆమె తల ఊపేది. ఆ సంగతి ఫైల్లో నేను ఒక్కసారి కూడా రాయలేదు.

మే నెలలో ఒకరోజు సాయంత్రం నేను ములుగులో చుట్టాల ఇంటికి శుభకార్యానికి వెళ్లాల్సి వచ్చింది. ఆసుపత్రికి సెలవు పెట్టాను. అఖిల సెషన్ పోకూడదని లావణ్యకు ఫోన్ చేసి, "రేపు సాయంత్రం కాదు, పొద్దున్నే ఏడింటికి రండి," అన్నాను. నాలుగేళ్లలో వాళ్లను పొద్దున రమ్మనడం అదే మొదటిసారి.

మర్నాడు నేను క్లినిక్ షట్టరు ఎత్తుతుంటే సందు మొదట్లో ఆటో ఆగింది. ఒక పాప దూకి దిగింది. పసుపు గౌను, రెండు జడలు. ఆటో అతనికి చెయ్యి ఊపి, పక్క ఇంటి గోడ మీది పిల్లిని చూసి ఆగి, మళ్లీ నడుచుకుంటూ వచ్చింది. వెనక లావణ్య సంచీ పట్టుకుని దిగింది. నేను లావణ్యను గుర్తుపట్టాను. పాపను గుర్తుపట్టలేదు. చెల్లెలి కూతురినో ఎవరినో తోడు తెచ్చుకుందనుకున్నాను.

"అఖిలను తీసుకురాలేదా?" అని అడిగాను.

లావణ్య అయోమయంగా చూసింది. "గదే గద మేడమ్ అఖిల!"

పాప అప్పటికి మూడు మెట్లూ ఎక్కేసింది. గోడ పట్టుకోలేదు, తల్లి చెయ్యీ పట్టుకోలేదు. మడమలు రెండూ నేలకు ఆని ఉన్నాయి. వరండాలో నిలబడి, "నమస్తే మేడమ్," అంది.

షట్టరు సగంలో వదిలేశాను. అది దడాలున కిందికి జారి పడింది. ఆ చప్పుడుకు ముగ్గురం ఉలిక్కిపడ్డాం.

షట్టరు మళ్లీ ఎత్తి, లోపలికి తీసుకెళ్లి బల్ల మీద పడుకోబెట్టాను. పాదం పట్టుకుని పైకి వంచాను. వంగింది. ఏ అడ్డూ లేదు. అందరు పిల్లల పాదాలు ఎలా వంగుతాయో అలా వంగింది. రెండో పాదమూ అంతే. నాలుగేళ్లు నా వేళ్లకు తెలిసిన కాళ్లు ఇవి కావు. ఈ పిల్లకు ఇంకో నెలలోపే మడమలు కోయబోతున్నారు. కోయమని రాసింది నేను.

"రోజూ పొద్దున ఇలాగే ఉంటుందా?" అని అడిగాను.

"మరి నేను చెప్తనే ఉన్న గద మేడమ్," అంది లావణ్య. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

సాయంత్రం దాకా ఉండగలరా అని అడిగాను. ములుగుకు రాలేనని ఫోన్ చేసి చెప్పాను. ఆ రోజంతా వాళ్లు క్లినిక్‌లోనే ఉన్నారు. గంట గంటకూ పిల్లను వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి ఫోన్లో వీడియో తీశాను. పది దాకా ఏ తేడా లేదు. పదకొండుకు కుడి పాదం బొటనవేలు లోపలికి తిరగడం మొదలైంది. పన్నెండున్నరకు కుడి మడమ లేచింది. రెండింటికి ఎడమది కూడా. మూడింటికి నాలుగు అడుగులు వేసి గోడ పట్టుకుంది. నా కళ్ల ముందే, నాకు తెలిసిన అఖిల మెల్లమెల్లగా తిరిగొచ్చింది. పిక్క పట్టి చూస్తే రాయి.

"జర సేపు పండుకుంటనమ్మా," అంది పిల్ల. బల్ల మీద గంటసేపు నిద్రపోయింది. లేచాక నడవమన్నాను. మళ్లీ నడిచింది. పొద్దుటంత బాగా కాదుగానీ, గోడ పట్టుకోకుండా నడిచింది.

మెదడుకు తగిలిన దెబ్బ గంట నిద్రతో మానదు. ఇది ఏదైనా కావచ్చుగానీ, ఫైలు మీద రాసినది మాత్రం కాదు.

హైదరాబాద్ నుంచి నెలకు రెండుసార్లు హనుమకొండకు వచ్చే పిల్లల నరాల డాక్టరమ్మ ఒకరు నాకు తెలుసు. వీడియోలన్నీ వేళలు రాసి ఆమెకు పంపాను. కాసేపటికే ఫోన్ వచ్చింది. ఆమె నమస్కారం కూడా చెప్పలేదు.

"ఆపరేషన్ ఎప్పుడన్నారు?"

"జూన్ మొదటి వారం మేడమ్."

"ఆపించండి. ఈ శనివారం నేను వస్తున్నాను. తల్లిదండ్రులిద్దరినీ తీసుకురండి."

శనివారం నలుగురం ఆమె గదిలో కూర్చున్నాం. రాజేందర్ కార్ఖానా నుంచి నేరుగా వచ్చాడు, చొక్కా మీద నూలు పోగులు అలాగే ఉన్నాయి. డాక్టరమ్మ పాత ఫైలు మొదటి నుంచి చదివారు. కాన్పు మామూలుగానే అయింది. బిడ్డ పుట్టగానే ఏడ్చింది. పద్నాలుగో నెలలో నడిచింది. నాలుగేళ్లు నిండాకే మునివేళ్ల మీద నడవడం మొదలైంది. మెదడు ఎంఆర్ఐలో ఏ తేడా లేదు. ఒక్కొక్కటీ చదివి నా వైపు చూసేవారు. తిట్టలేదు. నేనే తల దించుకున్నాను. ఆ కాగితాలన్నీ నాలుగేళ్లుగా నా బీరువాలోనే ఉన్నాయి.

"ఇది మెదడు దెబ్బ కాదు," అన్నారు డాక్టరమ్మ. "మెదడులో తయారు కావాల్సిన ఒక పదార్థం సరిపడా తయారు కావడం లేదని నా అనుమానం."

ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి, తేనెపట్టులో గదుల్లాగా ఆరు మూలల గడులు రెండు పక్కపక్కనే గీశారు. మధ్య గోడ రెండింటికీ ఒకటే.

"దీన్ని టెరిన్ అంటారు. ఈ మూలల్లో నాలుగుచోట్ల నైట్రోజన్, మిగతా చోట్ల కార్బన్. మొదట దీన్ని సీతాకోకచిలుక రెక్కల రంగులోంచి తీశారు. అందుకే గ్రీకు భాషలో రెక్క అనే మాట నుంచి ఆ పేరు పెట్టారు."

అఖిల కాగితం మీదికి వంగింది. "మనకు రెక్కలు లేవు గద?"

"రెక్కలు లేవుగానీ టెరిన్ ఉంది," అని డాక్టరమ్మ నవ్వారు. తర్వాత తల్లిదండ్రుల వైపు తిరిగారు. మన కణాల్లో జీటీపీ అనే పదార్థం ఉంటుంది. మూడు ఎంజైములు ఒకదాని వెంట ఒకటి పనిచేసి దాన్ని ఒక రకం టెరిన్‌గా మారుస్తాయి. దాని పేరు టెట్రాహైడ్రోబయోటెరిన్. పేరు పొడుగు కాబట్టి డాక్టర్లు బీహెచ్‌ఫోర్ అంటారు. నాలుగు హైడ్రోజన్లను అదనంగా ఎక్కించుకున్న టెరిన్ అన్నమాట. మనం తినే పప్పులోనో పాలలోనో టైరోసిన్ ఉంటుంది. మెదడు దాన్ని లెవోడోపాగా, ఆ లెవోడోపాను డోపమిన్‌గా మార్చుకుంటుంది. కాలు సాఫీగా కదలాలంటే డోపమిన్ కావాలి. ఆ మొదటి మార్పు జరిగేచోట బీహెచ్‌ఫోర్ లేకపోతే ఎంజైము ఉండి కూడా పనిచేయదు.

"ఈ పాపలో జీటీపీ మీద పనిచేసే మొదటి ఎంజైమే బలహీనంగా ఉందనుకుంటున్నాను. కాబట్టి టెరిన్ తక్కువ, డోపమిన్ తక్కువ. రాత్రి నిద్రలో కొంచెం కూడుతుంది. పగలు ఖర్చయిపోతుంది."

రాజేందర్ అప్పటిదాకా ఆ రెండు గడుల మీదే చూపు పెట్టి కూర్చున్నాడు.

"అంటే మేడమ్, పడుగు ఉన్నది, పేక నూలు ఉన్నది, మగ్గం నడుస్తాంది. నాడె లేదు. గంతేనా?"

డాక్టరమ్మ కలం ఆగింది. నాడె అంటే ఏమిటని అడిగారు. పడుగు దారాల మధ్య నుంచి పేక నూలును అటూ ఇటూ మోసుకుపోయేది అని అతను చేత్తో చూపించాడు.

"ఒక్కసారి అటు పోతె కాదు మేడమ్. మళ్ల ఇటు రావాలె. అట్లయితెనే బట్ట పడ్తది."

"ఇదీ అంతే," అన్నారామె ఆశ్చర్యంగా. "ఒకసారి పని చేయగానే బీహెచ్‌ఫోర్ తన హైడ్రోజన్లు పోగొట్టుకుంటుంది. వేరే ఎంజైములు వాటిని మళ్లీ ఎక్కించి పనికి పంపుతాయి. మీ పాపలో ఆ తిరిగి రావడం బాగానే ఉంది. అసలు నాడెలే తక్కువ తయారవుతున్నాయి."

"మరి గా టెరిన్‌నే మందు లెక్క ఇయ్యరాదా?" అని అడిగింది లావణ్య.

"మందుగా ఉంది. కానీ అది మెదడులోకి సరిగా వెళ్లదు. అందుకని ఆ మెట్టును దాటేసి లెవోడోపానే ఇస్తాం. వణుకుడు జబ్బు వచ్చిన పెద్దవాళ్లకు ఇచ్చే బిళ్లే అది."

రాజేందర్ లేచి నిలబడ్డాడు. "ముసలోల్ల మందు నా బిడ్డకా? ఏమన్న అయితె?"

"చాలా తక్కువ ఇస్తాం. పావు బిళ్ల. కొంచెం వికారం ఉండొచ్చు. నేననుకున్నది నిజమైతే వారంలోపే తెలుస్తుంది. కాకపోతే ఆపేస్తాం."

వాళ్లు బయటికి వెళ్లాక డాక్టరమ్మ ఆ కాగితం నాకిచ్చారు. "గర్భిణులు వేసుకునే ఫోలిక్ యాసిడ్‌లోనూ ఈ రెండు గడులే ఉంటాయి. మీ దగ్గరికొచ్చే కీళ్లవాతం వాళ్లు వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ కూడా దీని నకలే. ఫోలిక్ యాసిడ్‌లా కనిపించి కణాన్ని మోసం చేస్తుంది," అన్నారు. వారం వారం ఎన్నో చీటీల మీద చదివిన పేర్లు అవి. వాటి వెనక ఒకే ఆకారం ఉందని, అది తక్కువైతే ఒక పిల్ల సాయంత్రానికి నడవలేదని నాకు ఆ రోజు దాకా తెలియదు.

ముందు వెన్నునీటి పరీక్షకు హైదరాబాద్ వెళ్లారు. తీసిన నీటి గొట్టాలకు వెంటనే అల్యూమినియం రేకు చుట్టి మంచులో పెట్టారట. గాలి తగిలినా వెలుతురు తగిలినా ఈ టెరిన్లు చెడిపోతాయి. రిపోర్టుకు కొన్ని వారాలు పడుతుందన్నారు. బిళ్ల మాత్రం వెంటనే మొదలుపెట్టమన్నారు.

మొదలుపెట్టిన మూడో రోజు సాయంత్రం ఆరింటికి నేను ఒక పెద్దాయన భుజం కదిలిస్తుండగా ఫోన్ మోగింది. లావణ్య.

"మేడమ్..." అని ఆగిపోయింది. ఊపిరి వినపడుతోంది. వికారమా, ఫిట్సా, ఏమైంది?

"మాట్లాడమ్మా, ఏమైంది?"

"ఆరైంది మేడమ్. బిడ్డ నడుస్తాంది. వాకిట్ల నడుస్తాంది. మా ఇంటిముందట అందరు నిలవడి చూస్తాండ్లు. నాకు భయమైతాంది మేడమ్, గిది నిజమేనా?"

"నిజమేనమ్మా," అన్నాను. "ఏమైందమ్మా?" అని పెద్దాయన అడుగుతున్నాడు. "ఒక పాప నడుస్తోందండీ," అన్నాను.

ఆ వారం వాళ్లు ఎప్పట్లాగే సాయంత్రం ఐదుకు వచ్చారు. అఖిల మెట్లెక్కి, వరండా దాటి, రెండు కడ్డీల మధ్య నుంచి పరుగెత్తి, అవతలి గోడను ముట్టుకుని వచ్చింది. మళ్లీ పరుగెత్తింది. నాలుగేళ్లు ఆ కడ్డీలు పట్టుకుని ఏడడుగులు వేయడానికి చెమటలు కక్కిన పిల్ల. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ దానికంటే ముందు ఆ నాలుగేళ్లు గుర్తొచ్చాయి. ఆ స్ప్లింట్లు, ఆ సాగదీతలు, పెదవి కొరుక్కుని ఫ్యాన్‌ను చూసిన ఆ సాయంత్రాలు. ఏ ఒక్కటీ అక్కర్లేదు. పావు బిళ్ల సరిపోయేది.

లావణ్యను పక్క గదిలోకి పిలిచాను. "నువ్వు చెప్పావు. నేను వినలేదు. నన్ను క్షమించమ్మా," అన్నాను.

ఆమె కంగారుపడి నా చేతులు పట్టుకుంది. "గట్లనకుండ్రి మేడమ్. మీరన్నంక నేను గూడ నమ్ముడు బంద్ వెట్టిన. అలిసిపోయిందేమో అనుకున్న. కండ్లతోని చూసుకుంట గూడ."

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నేను వినకపోవడం ఒక తప్పు. ఆమె కళ్ల మీద ఆమెకే నమ్మకం పోగొట్టడం అంతకంటే పెద్ద తప్పు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు.

ఆ రోజు వాళ్లతో రాజేందర్ అక్క సమ్మక్క కూడా వచ్చింది. నలభై ఆరేళ్ల మనిషి. తమ్ముడి ఇంట్లోనే ఉంటూ పొద్దుటిపూట కార్ఖానాకు నూలు కండెలు చుట్టిపెట్టేది. అంతకుముందు రెండుమూడుసార్లు వచ్చి వరండా బెంచీ మీద కూర్చుని వెళ్లింది. కొంచెం కుంటుతుందని గమనించానుగానీ, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అఖిల పరుగెత్తుతుంటే ఆమె నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. కళ్లు పెద్దవి చేసుకుని రాయిలా కూర్చుంది.

"సంతోషంగా లేదా సమ్మక్కా?" అని దగ్గరికి వెళ్లాను.

"ఉన్నది మేడమ్. గాని నాకు గూడ గిట్లనే ఉండె. నాకు గూడ పొద్దుగాల మంచిగుంటది, మాపటికి కాలు మెలివడ్తది."

"ఎప్పటి నుంచి?"

"అఖిలంత ఉన్నప్పటి సంది."

ఆమె చీర కుచ్చెళ్లు కొంచెం పక్కకు జరిపింది. కుడి పాదం లోపలికి తిరిగి ఉంది, వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. సాయంత్రం ఐదున్నర. నాలుగేళ్లు అఖిల పాదం నా చేతుల్లో ఎలా ఉండేదో సరిగ్గా అలాగే ఉంది.

"ఏ దవాఖానలో చూపించలేదా?"

"ఎవలు చూపిస్తరు మేడమ్? అందరు నాటకమనిరి. మా అమ్మ కొట్టేది. పొద్దుగాల మంచినీళ్లు మోసిన కాళ్లు మాపటికి ఎట్ల పోతయే, పని దొంగ, అనేది. బడిల సార్లు గూడ అట్లనే అన్నరు. పెండ్లి చేస్తె అత్తగారింట్ల ఆర్నెల్లు ఉన్న. ఆడ గూడ గదే మాట. వాపసొచ్చిన."

ఆమె ఇదంతా చాలా మామూలుగా చెప్పింది, ఎవరి సంగతో చెప్పినట్టు. లావణ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకే ఇంట్లో పదేళ్లకు పైగా కలిసి ఉన్నారు. కుంటడం చూస్తూనే ఉన్నా, అది పొద్దున ఉండదని ఆమెకూ తెలియదు.

అఖిల రిపోర్టులు వచ్చాయి. వెన్నునీటిలో టెరిన్లు బాగా తక్కువ. రక్తంతో చేసిన జన్యు పరీక్షలో మొదటి ఎంజైముకు సంబంధించిన జన్యువులో లోపం దొరికింది. తర్వాత సమ్మక్కకూ, రాజేందర్‌కూ చేయించారు. ఇద్దరిలోనూ అదే లోపం. రాజేందర్‌కు ఏ ఇబ్బందీ లేదు. కొందరిలో అది ఉన్నా బయటపడదని, ఆడవాళ్లలో ఎక్కువగా బయటపడుతుందని డాక్టరమ్మ చెప్పారు. అతను చాలాసేపు తన రెండు పాదాలనూ చూసుకున్నాడు. "నాతోనే వచ్చిందన్నట్టు," అని ఒక్క మాట అన్నాడు. "చిన్నప్పుడు అక్కను నేను గూడ ఎక్కిరించిన," అని ఇంకో మాట.

ఆ రోజుల్లోనే నేను బీరువాలోని పిల్లల ఫైళ్లన్నీ బయటికి తీశాను. ఆసుపత్రిలో అడిగి డ్యూటీ వేళలు మార్చుకుని, ఒక్కొక్కరినీ పొద్దున్నే రమ్మన్నాను, మళ్లీ సాయంత్రం రమ్మన్నాను. తల్లులను కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పమన్నాను. వాళ్లలో ఎవరికీ ఇది లేదు. అందరివీ నిజంగా మెదడు దెబ్బలే. అఖిల సంగతి అప్పటికి కొత్తవాడ దాటి పాకింది. ఒక బాబు తల్లి ములుగు దగ్గరి ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చి, "మావోనికి గూడ గా గోలి రాయుండ్రి మేడమ్," అని చేతులు జోడించింది. ఆ బాబు పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదు. ఎంఆర్ఐలో మచ్చ కనిపిస్తూనే ఉంది. ఈ బిళ్ల వాడికి పనిచేయదని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆ జబ్బు అరుదు. అందరికీ అదే అనుకోవడం ఇంకో రకం గుడ్డితనం.

సమ్మక్కకు బిళ్ల మొదలుపెట్టిన పది రోజులకు ఆమె ఒక్కతే క్లినిక్‌కు వచ్చింది. సాయంత్రం ఏడు కావస్తోంది. బస్సు దిగి మెయిన్ రోడ్డు నుంచి నడిచే వచ్చిందట. మెట్లెక్కి, లోపలికి వచ్చి, నా ముందు నిలబడింది. రెండు పాదాలూ నేల మీద తిన్నగా ఉన్నాయి. ఏళ్ల తరబడి వంకరగా నడిచిన నడుము మాత్రం ఇంకా కొంచెం పక్కకు వంగి ఉంది. దానికి నేను చేయాల్సిన పని ఉంది.

"సమ్మక్కా!" అని దగ్గరికి వెళ్లాను. సంతోషంగా ఉంటుందనుకున్నాను. ముఖం ఎర్రబడి ఉంది.

"మా అమ్మ సచ్చిపోయి ఎనిమిదేండ్లు," అంది. "బడి సార్లు ఏడున్నరో తెల్వది. అత్తగారింటోల్లు ఏడున్నరో తెల్వది. నాటకం కాదని ఇప్పుడు నేను ఎవలకు చెప్పాలె మేడమ్?"

ఎక్సర్‌సైజుకు వచ్చిన ఇద్దరు అక్కడే ఉన్నారు. వాళ్లు కూడా ఆగిపోయారు. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టి, ఎదురుగా నేనూ కూర్చున్నాను.

"నాకు చెప్పు," అన్నాను.

ఆమె చెప్పింది. నీళ్ల బిందె, బడి మెట్లు, అత్తగారింట్లో మాపటి వంట, ఎవరూ చూడకుండా గోడ పట్టుకుని నడవడం. ఒక్కోచోట ఆగి, "గప్పుడు యాళ్ల ఎంతయిందో," అని తనే గుర్తు చేసుకునేది. క్లినిక్ మూసే వేళ దాటిపోయినా నేను మధ్యలో మాట్లాడలేదు.

ఇప్పుడు నా కేసు షీటులో మూడు గడులు కొత్తగా చేరాయి. పొద్దున ఎలా ఉంటుంది, మధ్యాహ్నం ఎలా ఉంటుంది, సాయంత్రం ఎలా ఉంటుంది. వచ్చినవాళ్లు ఏ మాట చెబితే ఆ మాటే, నా భాషలోకి మార్చకుండా రాస్తాను. అర్థం కాకపోతే అర్థం కాలేదనే రాస్తాను. టెరిన్ గురించి నాకు తెలిసింది కొంచెమే, అదీ ఒక కాగితం వెనక గీసిన రెండు గడుల మేరకే. కానీ ఒకటి మాత్రం బాగా తెలిసింది. రోగం పేరు ఫైలు మీద రాసేసిన తర్వాత కూడా మనిషి చెబుతూనే ఉంటాడు. ఆ చెప్పేది వినడమే నా పనిలో మొదటి భాగం. కాలు పట్టుకోవడం ఆ తర్వాతే.